గుత్తి నుంచి గండికోట దాకా: ఆరేడుగురితో మూడు రోజుల యాత్ర ఎలా వేసుకోవాలి?

"గండికోట వెళ్తున్నాం, చుట్టుపక్కల ఇంకా ఏం చూడొచ్చు?" అని అడిగేవాళ్లు ఈ మధ్య బాగా ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు చెప్పేకంటే అంతా ఒకచోట రాసిపెడితే మేలనిపించింది.

మామూలుగా జరిగేది ఇది. శనివారం రాత్రి కారెక్కుతారు. ఆదివారం తెల్లారేసరికి పెన్న లోయ అంచున నిలబడి ఫోటోలు దిగుతారు. మధ్యాహ్నం బెలుం గుహల్లో చెమటలు కక్కుతూ ఓ చుట్టు తిరిగి, అర్ధరాత్రికి ఇల్లు చేరతారు. కోటలో అంత పెద్ద ధాన్యాగారం ఉందని వాళ్లకు తెలియదు. తాడిపత్రి గుళ్లు కట్టించింది ఆ కోటను ఏలిన పెమ్మసాని నాయకులేనని తెలియదు. గుత్తి పక్కనే ఎర్రగుడిలో అశోకుడి శాసనాలు బండల మీద అలాగే ఉన్నాయని అసలే తెలియదు. దారి అదే, ఇంకో రోజున్నర కలుపుకుంటే చాలు.

ఇక్కడ చెప్పే వరస: గుత్తి, ఎర్రగుడి, తాడిపత్రి, బెలుం, గండికోట. మూడు పగళ్లు పడుతుంది. ఒక్క సూత్రం గుర్తుపెట్టుకోండి: ఏ చోటు ఎప్పుడు చూడాలన్నది మ్యాపులో దూరాన్ని బట్టి కాకుండా ఎండను బట్టి తేల్చుకోవాలి. రాయలసీమలో మిట్టమధ్యాహ్నం బండల మీద నిలబడి ఎవరూ ఏదీ చూడలేరు, నీడ కోసం వెతుక్కోవడమే సరిపోతుంది.

ముందుగా సమకూర్చుకోవాల్సినవి

- బండిలో 20 లీటర్ల నీళ్ల క్యాన్లు రెండు. మనిషికి రోజుకు కనీసం మూడు లీటర్లు లెక్క వేసుకోండి.
- ప్రతి ఒక్కరికీ చేతిలో పట్టే టార్చి. ఫోన్ లైటు లెక్కలోకి రాదు. టార్చి ఎక్కడ కావాలో కింద చెప్తాను.
- పట్టు బాగా ఉన్న బూట్లు. హవాయి చెప్పులు బసలో వాడుకోవడానికే.
- టోపీ లేదా తలపాగా గుడ్డ, మెడకు తుండు.
- ఓఆర్ఎస్ పొట్లాలు, బ్యాండేజీ, యాంటిసెప్టిక్, ఎవరి రోజువారీ మందులు వాళ్లకు.
- చిల్లర నోట్లు. సిగ్నల్ లేనిచోట యూపీఐ పనిచేయదు.
- ఫోన్‌లో ముందే దించుకున్న ఆఫ్‌లైన్ మ్యాపు, దానితోపాటు ఊళ్ల పేర్లు వరసగా రాసిన ఒక కాగితం.
- నాలుగు పెద్ద చెత్త సంచులు. ఇవి మర్చిపోతే మాత్రం వెనక్కి వెళ్లి కొనుక్కుని మరీ బయల్దేరండి.

1. ముందు మనుషులు, తర్వాతే తేదీలు

ఆరుగురు బాగుంటుంది, ఎనిమిది మంది దాకా ఫర్వాలేదు. పది దాటితే టిఫిన్ దగ్గరే గంటన్నర పోతుంది, అక్కడి నుంచి రోజంతా వెనకబడుతుంది. ఇలాంటి చోట్ల గుంపు చిన్నదైతే ఇంకో లాభం కూడా ఉంది. ఊళ్లో ఎవరినైనా దోవ అడిగితే ఆగి మాట్లాడతారు. ఇరవై మంది బిలబిలమంటూ బస్సు దిగితే ఎవరూ దగ్గరికి రారు.

పిలిచేముందు ఒక్కొక్కరినీ విడిగా మూడు ప్రశ్నలు అడగండి. గంటసేపు ఎత్తుపల్లాల్లో నడవగలరా? ఇరుకు చోట ఊపిరాడనట్టు అనిపిస్తుందా? ఎత్తు నుంచి కిందికి చూస్తే కళ్లు తిరుగుతాయా? గ్రూపులో అందరి ముందు అడిగితే మొహమాటానికి ఏం కాదంటారు, తీరా గుహలోకి దిగాక టెన్షన్ మొదలవుతుంది. అలాంటివాళ్లను వద్దనక్కర్లేదు. ఏ చోట ఆగిపోవచ్చో ముందే చెప్పి ఉంచితే నిశ్చింతగా వస్తారు.

పనులు కూడా అప్పుడే పంచేయండి. డబ్బు ఒకరికి, దోవ ఒకరికి, మందులు, నీళ్లు ఒకరికి. చివర్న నడిచేవాళ్లు ఒకరు ఉండాలి. వాళ్ల వెనక మన మనిషి ఎవరూ ఉండకూడదు. ఈ చివరి పని ఓపికున్నవాళ్లకే ఇవ్వండి.

2. తేదీలు

నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. మార్చి దాటితే బండలు కాలిపోతాయి. వానాకాలంలో లోయ అందంగా ఉంటుందన్నది నిజమే కానీ, తడిసిన బండలు జారతాయి. పెద్ద వాన పడ్డాక గుహల్లోకి పంపుతారో లేదో ఫోన్ చేసి కనుక్కోవాలి.

వారాంతంలోనే ముగించేయకుండా, శనివారం మధ్యాహ్నం బయల్దేరి మంగళవారం తిరిగొచ్చేలా వేసుకోండి. ఆదివారం ఎర్రగుడిలో ఉంటారు, అక్కడ ఆదివారమైనా పెద్దగా జనం ఉండరు. బెలుం, గండికోట సోమ, మంగళవారాల్లో వస్తాయి. రెండు రోజులు సెలవు పెట్టాల్సి వస్తుంది. పెట్టండి. ఆదివారం గండికోటను చూసినవాళ్లు, మంగళవారం చూసినవాళ్లు ఒకే కోట గురించి మాట్లాడుతున్నట్టే ఉండదు.

సంక్రాంతి సెలవులు, శివరాత్రి, కార్తీక సోమవారాలు తప్పించుకోండి. తాడిపత్రి బుగ్గ రామలింగేశ్వరుడి గుడి ఆ రోజుల్లో కిటకిటలాడుతుంది.

3. బండి, బస

గుత్తి 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. హైదరాబాద్ నుంచి సుమారు 300 కిలోమీటర్లు, బెంగళూరు నుంచి అంతకంటే కాస్త తక్కువ. స్నేహితులు రెండు ఊళ్లలో ఉంటే గుత్తిలోనే కలుసుకోవచ్చు. గుత్తి రైల్వే జంక్షన్ కూడా, కాబట్టి రైల్లో వచ్చి అక్కడ బండి మాట్లాడుకునే వీలుంది.

ఆరుగురైతే ఏడు సీట్ల కారు, ఎనిమిది మందైతే పన్నెండు సీట్ల టెంపో ట్రావెలర్. రెండు కార్లు వద్దు. ఒక కారు టీకి ఆగితే రెండోది ముందుకెళ్లిపోతుంది, ఫోన్లు కలవవు, అరగంట అక్కడే పోతుంది.

బండి మాట్లాడేటప్పుడు ఇవి ముందే తేల్చుకుని వాట్సాప్‌లో రాయించుకోండి: కిలోమీటరు రేటు, రోజుకు కనీస కిలోమీటర్లు, డ్రైవర్ బత్తా, టోల్, పక్క రాష్ట్రం బండైతే పర్మిట్ ఖర్చు ఎవరిది. డ్రైవర్‌కు రాత్రి పడుకోవడానికి గది మీరే చూడండి. సీట్లో ముడుచుకుని పడుకున్న మనిషి చేత మర్నాడు మూడు గంటలు బండి నడిపించడం మీ ప్రాణాలకే మంచిది కాదు.

బస: మొదటి రాత్రి గుత్తిలో, రెండో రాత్రి తాడిపత్రిలో మామూలు లాడ్జీలు దొరుకుతాయి. మూడో రాత్రి గండికోటలో పర్యాటక శాఖ హరిత హోటల్ కోటకు కాస్త ముందే వస్తుంది. గదులు తక్కువ కాబట్టి ముందుగా బుక్ చేసుకోండి. దొరక్కపోతే 15 కిలోమీటర్ల దూరంలోని జమ్మలమడుగులో దిగండి. గుడారాలు వేసే ప్రైవేటువాళ్లు కూడా ఉన్నారు. వాళ్లతో మాట్లాడేటప్పుడు గుడారం లోయ అంచుకు ఎంత దూరంలో వేస్తారు, మరుగుదొడ్డి ఉందా, రాత్రి కాపలా ఎవరు అని అడగండి. సూటిగా జవాబు రాకపోతే ఆ బేరం వదిలేయండి. కోట రక్షిత కట్టడం కాబట్టి, లోపల మీ అంతట మీరు గుడారం వేసుకోవడం, మంట వేయడం చేయకూడదు.

ఒక హెచ్చరిక: చీకటి పడ్డాక ఈ రోడ్ల మీద తిరగొద్దు. తాడిపత్రి, కొలిమిగుండ్ల, జమ్మలమడుగు మధ్య సిమెంటు, నాపరాళ్ల లారీలు రాత్రంతా నడుస్తాయి. వెనక లైటు లేకుండా రోడ్డు పక్కన ఆపిన లారీ దగ్గరికి వచ్చేదాకా కనిపించదు.

4. మొదటి ఉదయం: ఎర్రగుడి శాసనాలు

గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో సుమారు 13 కిలోమీటర్లు. ఆరున్నరకల్లా బయల్దేరండి. గుట్ట దగ్గర టీ కొట్టు, మరుగుదొడ్డి ఏమీ ఉండవనుకునే వెళ్లండి, ఆ పనులన్నీ గుత్తిలోనే ముగించుకోవాలి. దోవలో అనుమానం వస్తే మ్యాపును నమ్ముకోకుండా పొలంలో కనిపించిన పెద్దాయనను అడగండి. "పెద్దాయనా, అశోకుని శాసనాలకు ఇట్లేనా దోవ?" అంటే చాలు, చెయ్యెత్తి చూపిస్తారు.

ఇక్కడ ఉన్నవి క్రీస్తుపూర్వం 3వ శతాబ్దం నాటి బ్రాహ్మీ అక్షరాలు, భాష ప్రాకృతం. అశోకుడి పద్నాలుగు పెద్ద శిలాశాసనాలు, చిన్న శిలాశాసనాలు ఒకే గుట్ట మీద, వేర్వేరు బండల మీద చెక్కి ఉన్నాయి. ఇవి 1929 ప్రాంతంలో పండితుల దృష్టికి వచ్చాయి. చిన్న శాసనంలో తల్లిదండ్రుల మాట వినాలని, పెద్దలను గౌరవించాలని, ప్రాణుల పట్ల దయ చూపాలని, నిజం చెప్పాలని ఉంది. అందులోనే ఒక విచిత్రం ఉంది. కొన్ని వరసలు ఎడమ నుంచి కుడికి పోతే, తర్వాతి వరస కుడి నుంచి ఎడమకు వస్తుంది, ఎద్దులు సాలు చివర తిరిగి మళ్లీ దున్నుకుంటూ వచ్చినట్టు.

ఉదయమే ఎందుకంటే, అక్షరాల లోతు చాలా తక్కువ. సూర్యుడు నడినెత్తికి వస్తే బండంతా ఒకే రంగులో మెరుస్తుంది, అక్షరం కనపడదు. ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు ప్రతి గీత అంచునా సన్నని నీడ పడుతుంది, అప్పుడు చదవొచ్చు. బండలన్నీ ఒకే దిక్కుకు తిరిగి లేవు కాబట్టి కొన్ని ముఖాలు నీడలోనే ఉంటాయి. టార్చి పని అక్కడే.

టార్చిని ఎదురుగా పట్టకండి. బండకు ఒక పక్కన, దాదాపు రాతికి సమాంతరంగా పట్టి వెలుగును అడ్డంగా పారించండి. మెల్లగా చెయ్యి కదిపితే, ఏమీ లేదనుకున్నచోట అక్షరాలు ఒక్కొక్కటే లేస్తాయి. నిలువు గీతకు కుడివైపు చిన్న అడ్డగీత అంటుకుని ఉంటే అది 'ఆ' కారం, పైన వంపు గీత ఉంటే 'ఇ' కారం. కూడిక గుర్తులా ఉన్నది 'క'. ఈ మూడూ తెలుసుకుని వెళ్తే పిల్లలు గంటసేపు బండ దగ్గర నుంచి కదలరు.

చేయకూడనివి ఇక్కడ గట్టిగా చెప్పాలి. అక్షరాలు తేటగా కనపడాలని సుద్దముక్కతో రుద్దడం, నీళ్లు చల్లడం, పొడి పట్టించడం చాలామంది మంచి ఉద్దేశంతోనే చేస్తారు. ఒక్కసారితో ఏమవుతుందనిపిస్తుంది. వచ్చిన ప్రతివాళ్లూ అలాగే అనుకుంటే రెండువేల ఏళ్లకు పైగా నిలిచిన గీత మన తరంలోనే అరిగిపోతుంది. వేలుతో కూడా తడమొద్దు. 1958 నాటి పురాతన కట్టడాల చట్టం, 2010 సవరణ ప్రకారం రక్షిత కట్టడానికి నష్టం చేస్తే రెండేళ్ల దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

బండల సందుల్లో పాములు, తేళ్లు ఉండే అవకాశం ఉంది. కనపడనిచోట చెయ్యి పెట్టొద్దు.

గంటన్నర నుంచి రెండు గంటలు ఇక్కడ చాలు. పక్కనే తుగ్గలి, జొన్నగిరి ప్రాంతం. తొలకరి వానలు పడ్డాక వజ్రాల కోసం జనం పొలాల్లో వెతికేది ఇక్కడే. ఆ రోజుల్లో వెళ్తే చూసి రండి కానీ, వాళ్ల ముఖాల దగ్గర కెమెరాలు పెట్టకండి. వాళ్లకది బతుకుతెరువు ఆశ.

ప్రత్యామ్నాయం: గుంపులో అందరూ కొండలెక్కేవాళ్లే అయితే ఎర్రగుడికి ముందు రోజు గుత్తి కోట కూడా కలుపుకోవచ్చు. దానికి పూట మొత్తం కావాలి, మధ్యాహ్నం లోపు దిగిపోవాలి, కాబట్టి ఇంటి నుంచి ఒక రోజు ముందే బయల్దేరాలి. దత్త మండలాల (బ్రిటిషువాళ్ల కాలంలో రాయలసీమ ప్రాంతానికి ఉన్న పేరు) తొలి కలెక్టర్ థామస్ మన్రో 1827లో పత్తికొండలో కలరాతో చనిపోతే మొదట పూడ్చింది ఈ గుత్తిలోనే.

5. మధ్యాహ్నం విశ్రాంతి, సాయంత్రం తాడిపత్రి

గుత్తికి తిరిగొచ్చి ఉగ్గాని, బజ్జి తినండి. అక్కడి నుంచి తాడిపత్రి సుమారు 50 కిలోమీటర్లు. మధ్యాహ్నం లాడ్జిలో పడుకోండి. ఖాళీగా ఉన్నాం కదా అని ఇంకేదో చోటు ఇరికించకండి, గుళ్లు కూడా మధ్యాహ్నం మూసి ఉంటాయి.

నాలుగున్నరకు మొదట చింతల వెంకటరమణ స్వామి గుడికి వెళ్లండి. అక్కడి రాతి రథం ముందు ఆగకుండా ఎవరూ ముందుకు పోలేరు. తర్వాత పెన్న ఒడ్డున ఉన్న బుగ్గ రామలింగేశ్వర స్వామి గుడి. లింగం దగ్గర నీరు ఊరుతూ ఉంటుంది కాబట్టే బుగ్గ అన్న పేరు. గర్భగుడి చూసుకుని వచ్చేయకుండా, సగంలో ఆగిపోయిన గోపురాల దగ్గరికి వెళ్లి, అడుగు భాగాన్ని చుట్టూ తిరిగి చూడండి. పై అంతస్తులు లేకపోయినా, కింది రాతి మీద జానెడు జాగా ఖాళీ లేకుండా పని చేశారు. పొద్దుగూకే ఎండ పడ్డప్పుడు అది చూడాలి.

రెండూ పూజలు జరిగే గుళ్లు. లోపల ఫోటో తీసేముందు పూజారి గారిని అడగండి. వద్దంటే వద్దు.

6. రెండో ఉదయం: బెలుం గుహలు

తాడిపత్రి నుంచి సుమారు 30 కిలోమీటర్లు. సాధారణంగా ఉదయం 10 గంటలకు తెరుస్తారు, ముందు రోజే ఫోన్ చేసి రూఢి చేసుకోండి. తెరిచే వేళకు టికెట్ల కిటికీ దగ్గర ఉంటే మొదటి గంటలో గుహ దాదాపు మీదే.

బ్రిటిషు భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లో ఈ గుహల గురించి రాశారు. 1982, 83ల్లో జర్మన్ గుహా పరిశోధకుల బృందం లోపల కొలిచి పటం గీసింది. గుహ మొత్తం పొడవు 3,229 మీటర్లు, మనం నడిచేది అందులో ఒకటిన్నర కిలోమీటర్ల దాకా. మన ఇళ్లల్లో పరిచే నాపరాయి, ఈ గుహ గోడ ఒకే రకం సున్నపురాయి.

లోపల చల్లగా ఉంటుందనుకుని వెళ్తే పొరపాటే. గాలి లోపలికి పంపే ఏర్పాటు ఉన్నా తేమ వల్ల పది నిమిషాల్లో చొక్కా తడిసిపోతుంది. పలచని నూలు బట్టలే వేసుకోండి, బ్యాగులు బండిలో వదిలేసి సీసాడు నీళ్లు, టార్చి మాత్రం తీసుకెళ్లండి. దీపాలున్నాయిగా అనుకోవద్దు, కరెంటు పోయిన రెండు నిమిషాలు చీకటి కన్ను పొడుచుకున్నా కనపడనంతగా ఉంటుంది. అప్పుడు అందరూ ఉన్నచోటే ఆగిపోవాలి, ఎవరూ నడవకూడదు. ఈ మాట బయటే చెప్పి తీసుకెళ్లండి.

అన్నిటికంటే లోతైన చోటు పాతాళగంగ. దిగే దారి ఇరుకు, నేల తడి. గుండె జబ్బు, ఆయాసం, బీపీ ఉన్నవాళ్లు, ఇరుకంటే భయపడేవాళ్లు పైనే ఉండాలి, వాళ్లకు తోడుగా ఒకరుండాలి. వంగి నడిచేచోట ముందున్నవాళ్లు "తల" అని అరవాలి, వెనకవాళ్లు అదే మాట ఇంకా వెనక్కి అందించాలి. ఇంత చిన్న అలవాటుతో తలలు బొప్పి కట్టకుండా తప్పించుకోవచ్చు.

పైనుంచి వేలాడే రాతి ఊడలను ముట్టుకోకండి. చేతి జిడ్డు అంటుకుంటే అక్కడ రాయి పెరగడం ఆగిపోతుంది, రంగు మారుతుంది.

ప్రత్యామ్నాయం: మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వస్తే బెలుం బదులు బనగానపల్లె దగ్గరి యాగంటి వేసుకోండి. ఉమామహేశ్వరుడి గుడి, ఎర్రటి కొండల నడుమ కోనేరు నింపాదిగా చూడొచ్చు. అక్కడి గుహాలయాలకు మాత్రం మెట్లున్నాయి.

7. రెండో సాయంత్రం: పెన్న లోయ

బెలుం నుంచి జమ్మలమడుగు మీదుగా సుమారు 60 కిలోమీటర్లు. జమ్మలమడుగులోనే భోజనం, డీజిల్, ఏటీఎం, మందుల షాపు, పండ్లు, బిస్కెట్లు అన్నీ చూసుకోండి. పైన కోట దగ్గర దొరికేది కొంచెమే. నాలుగున్నరకల్లా కోట వాకిలి దాటాలి.

మసీదు, రంగనాథస్వామి గుడి దాటి బండల మీదుగా నడిస్తే లోయ అంచు వస్తుంది. ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పెన్న పారినచోట రెండు వైపులా సుమారు 300 అడుగుల రాతి గోడలు. కట్టినట్టే పలకలు పలకలుగా ఉన్న ఎర్ర రాయి. మొదట ఎవరైనా మాట్లాడటం మానేస్తారు. ప్రమాదం ఉన్నదీ సరిగ్గా అప్పుడే.

అంచున కంచె లేదు. బండలు ఒకదాని మీద ఒకటి వదులుగా ఉంటాయి, కొన్ని కాలు పెడితే కదులుతాయి. గాలి ఒక్కసారిగా తోస్తుంది. నియమాలు ఇవి:

- అంచుకు రెండు మనుషుల పొడవు దూరంలోనే ఆగాలి. అంతకంటే ముందుకు పోవాలంటే కూర్చుని జరగాలి, నిలబడి కాదు.
- వెనక్కి నడుస్తూ ఫోటో తీయకూడదు, తీయించుకోకూడదు.
- కాళ్లు కిందికి వేలాడేసి కూర్చోవడం లేదు.
- మందు తాగినవాళ్లు ఆ రోజు లోయ దగ్గరికి రాకూడదు. ఇందులో స్నేహం, మొహమాటం చూడొద్దు.
- నీళ్లలోకి దిగొద్దు. ఎగువన గండికోట జలాశయం, దిగువన మైలవరం ఆనకట్ట ఉన్నాయి, నీటి మట్టం మారుతుంటుంది.
- వెలుతురు పూర్తిగా పోకముందే వెనక్కి తిరగాలి. వచ్చేటప్పుడు సులువనిపించిన బండలే చీకట్లో కాళ్లు విరగ్గొడతాయి.

కోతులు తిండి సంచులు లాక్కుంటాయి. గోపురాల మీద, కొండ చరియల్లో తేనెపట్లు ఉంటే దగ్గర్లో పొగ, గట్టి చప్పుడు చేయకండి.

8. మూడో ఉదయం: కోట లోపల

సూర్యోదయానికి మళ్లీ లోయ దగ్గరికి వెళ్లి, ఏడింటికి కోటలోకి తిరగండి. చాలామంది ఈ పూటే వదిలేస్తారు, నిజానికి యాత్ర మొత్తంలో అతి మంచి పూట ఇదే.

ఈ వరసలో నడవండి: మాధవరాయ స్వామి గుడి, రాజు చెరువు, ధాన్యాగారం, మసీదు, రంగనాథస్వామి గుడి. మాధవరాయ గోపురం నాలుగు అంతస్తులు. లోపల విగ్రహం లేదు, అందుకే స్తంభాల మీది శిల్పాన్ని తీరిగ్గా చూసే అవకాశం ఉంది. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా ఈ కోటను గెలుచుకున్నాడు. రెండేళ్లకు ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తవెర్నియే ఇక్కడికి వచ్చి, కోట గురించి రాసిపెట్టాడు.

నా మట్టుకు నాకు అన్నిటికంటే ఇష్టమైంది ధాన్యాగారం. కమాను కప్పుతో పొడవాటి పెద్ద హాలు, లోపల మాట్లాడితే గొంతు గోడలకు తగిలి తిరిగొస్తుంది. కోటకు ముట్టడి వస్తే తలుపులు మూసుకుని నెలల తరబడి బతకాలి, దానికి ముందు కావాల్సింది గింజలు, నీళ్లు. ధాన్యాగారం, దాని దగ్గర్లోనే చెరువు చూశాక అక్కడి మనుషులు ఎలా ఆలోచించారో అర్థమవుతుంది. అక్కడ కూర్చుని ఒక పావుగంట ఎవరూ ఫోన్ తీయకుండా ఉండి చూడండి.

కోటలో ఇప్పటికీ ఊరుంది. అది వాళ్ల ఇల్లు, వాళ్ల వాకిలి. గుమ్మాల్లోకి తొంగిచూడటం, అడగకుండా పెద్దావిడల ఫోటోలు తీయడం తప్పు. "అమ్మా, కాసిని మంచినీళ్లు ఇస్తావా" అని అడిగితే లేదనరు. పిల్లలకు చాక్లెట్లు, డబ్బులు పంచొద్దు. కొనదలిస్తే ఊరివాళ్ల కొట్లోనే కొనండి, అది నేరుగా వాళ్లకే చేరుతుంది. డ్రోన్ ఎగరేయాలంటే పురావస్తు శాఖ అనుమతి ముందే కావాలి, అది లేకపోతే ఇంట్లోనే పెట్టి రండి.

9. తిరుగు ప్రయాణం

పదకొండింటికి కోట నుంచి దిగిపోండి. జమ్మలమడుగులో కారం దోశో, రాగి సంగటో తిని బయల్దేరితే రాత్రికి ఇల్లు చేరతారు. రైలైతే జమ్మలమడుగు, ముద్దనూరు స్టేషన్లు దగ్గర. మీకు సరిపడే రైలు ఏ స్టేషన్లో ఆగుతుందో ముందే చూసుకోండి. డబ్బు లెక్క బండిలో ఉండగానే తేల్చేయండి. ఇల్లు చేరాక ఆ లెక్క ఎప్పటికీ తెగదు, స్నేహాల్లో గీతలు పడేది కూడా దాని దగ్గరే.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

అన్నిటికంటే పెద్దది, చోట్లు పెంచుకుంటూ పోవడం. "అంత దూరం వెళ్తున్నాం, అహోబిలం కూడా చూసేద్దాం, మహానంది ఎంత దూరం" అని ఒకరు మొదలుపెడతారు. అహోబిలానికి విడిగా రెండు రోజులు కావాలి. ఈ యాత్రలో ఇరికిస్తే రెండూ పాడవుతాయి. మాట వచ్చినప్పుడే ఇంకోసారి వెళ్దామని కాగితం మీద రాసి పక్కన పెట్టండి.

రెండోది, అందరూ దోవ చెప్పడం. ముందు సీట్లో ఒకరు, వెనక సీట్లో ఇద్దరు మూడు ఫోన్లు పట్టుకుంటే డ్రైవర్‌కు మతిపోతుంది. దోవ చెప్పే మనిషి ఒక్కరే.

టిఫిన్ చేయకుండా బయల్దేరడం, నీళ్లు దాహం వేసినప్పుడే తాగడం కూడా పొరపాట్లే. ఎండలో తలనొప్పి, చేతులు వణకడం మొదలైతే వెంటనే నీడకు చేర్చి ఓఆర్ఎస్ పట్టించండి, మాట తడబడితే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. వేరే ఏ ఆపదకైనా 112. సిగ్నల్ ఏ మలుపు దగ్గర ఆఖరిసారి వచ్చిందో దోవ చూసే మనిషి గుర్తుపెట్టుకుంటూ ఉండాలి.

సరిగ్గా జరుగుతోందో లేదో చూసుకోవడం ఎలా?

బయల్దేరే ముందు రోజు ఐదు చోట్లకు ఫోన్ చేయండి: బండి డ్రైవర్, రెండు లాడ్జీలు, హరిత హోటల్, బెలుం గుహల కార్యాలయం. ఐదింట్లో ఏదైనా తేడా వస్తే ఇంట్లో ఉండగానే సర్దుకోవచ్చు.

రోజూ రాత్రి పడుకునేముందు అందరూ ఐదు నిమిషాలు కూర్చోండి. నీళ్ల క్యాను ఎంత మిగిలింది? టార్చిలు ఛార్జింగ్‌లో ఉన్నాయా? ఎవరి కాలైనా బొబ్బలెక్కిందా? రేపు ఎన్నింటికి లేవాలి? నీళ్ల క్యాను సగానికి పైగా మిగిలిపోతే మిగిల్చామని సంతోషించకండి, ఎవరూ సరిపడా తాగడం లేదన్నమాట.

ప్రతి చోటు నుంచి కదిలేముందు తలలు లెక్కపెట్టండి, తర్వాత చెత్త. తెచ్చిన సీసాలు, కవర్లు ఎన్నో, సంచిలోకి తిరిగొచ్చినవి అన్ని ఉండాలి. ఒకటి తగ్గినా వెనక్కి వెళ్లి వెతకండి. పక్కన ఇంకొకరి ప్లాస్టిక్ కనిపిస్తే అదీ వేసుకోండి. ఆ సంచులు కోట దగ్గర వదిలేయకుండా జమ్మలమడుగు దాకా తెచ్చి మున్సిపాలిటీ చెత్త కుండీలో వేయాలి.

ఇక చివరి పరీక్ష బండిలో తిరిగొచ్చేటప్పుడు. ఒక్కొక్కరినీ, ఫోన్ చూడకుండా, తాను చూసినదాంట్లో ఒక్క వస్తువు గురించి రెండు నిమిషాలు చెప్పమనండి. ఎర్రగుడి బండ మీది ఒక అక్షరం కావచ్చు, తాడిపత్రి గోపురం అడుగున ఒక బొమ్మ కావచ్చు. అందరూ లోయ గురించే చెప్తే మిగతా చోట్ల సమయం చాల్లేదని అర్థం. తర్వాతి యాత్రకు ఒక చోటు తగ్గించి వేసుకోండి.